ఎర్త్ అంటే భూమే అన్నాను

2024 డిసెంబరు. దేవనహళ్ళి దాటాక పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే ఒక చిన్న బజారు వస్తుంది. అక్కడి బ్యాటరీ దుకాణంలో సర్వీసు కౌంటరు నాది. ఎలక్ట్రికల్ ఇంజినీరింగు చదివి బెంగళూరు వచ్చినదానివి, ల్యాప్‌టాప్ ముందు కూర్చోక యాసిడ్ వాసన పీలుస్తూ కూర్చున్నావేమిటని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఇల్లు దగ్గర, పాప డే కేర్ ఇంకా దగ్గర అని చెబుతాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, బ్యాటరీకి ఏం జబ్బు చేసిందో కొలిచి చెప్పే పరికరాలు నా దగ్గరున్నాయి. పద్నాలుగు నెలల పాపకు అలాంటివి లేవు. ఎందుకు ఏడుస్తోందో తెలియక రోజంతా బెంగపడేదానికి, ముల్లు ఒక అంకె దగ్గర ఆగి కదలకుండా నిలబడటం ఎంత హాయో తల్లులకు వేరే చెప్పక్కర్లేదు.

మా పని చాలావరకు ఒకే తీరుగా నడుస్తుంది. బ్యాటరీ వస్తే ముందు హైడ్రోమీటర్ పెడతాం. అది గాజు గొట్టం, లోపల తేలే చిన్న బుడ్డి ఉంటుంది. ట్రాక్టర్ బ్యాటరీలో ఆరు గదులుంటాయి, వాటిని సెల్స్ అంటాం. ఒక్కో గదిలోని యాసిడ్‌ను గొట్టంలోకి పీలిస్తే, బుడ్డి ఎంత పైకి తేలితే అంత చార్జి ఉన్నట్టు. 1250 దగ్గర తేలితే క్షేమం, 1150కి దిగితే ఖాళీ. తర్వాత లోడ్ టెస్టర్. అంటే బ్యాటరీ నెత్తిన ఒక్కసారిగా పెద్ద బరువు పెట్టి, ఊపిరి నిలుస్తుందో లేదో చూడటం. రెండింటిలోనూ తప్పితే వారంటీ కాగితం మీద నేను సంతకం పెడతాను, కొత్త బ్యాటరీ ఇస్తారు. నాకున్న అధికారమంతా ఆ సంతకమే.

రత్నమ్మగారు మొదటిసారి వచ్చింది దసరా అయిన రెండు వారాలకు. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ట్రాక్టర్ నడపడం తనే నేర్చుకుంది. తన పొలం దున్నుకుని, చుట్టుపక్కల నలుగురి పొలాలూ దున్నిపెడుతుంది. పాత బ్యాటరీ వయసు అయిపోయిందని తేలితే కొత్తది కొనుక్కుని వెళ్ళింది. మూడు వారాలకు మళ్ళీ వచ్చింది.

"ఏమమ్మణ్ణీ, నీ బ్యాటరీ నా మాట వినదే. తెల్లారి తాళం తిప్పితే టక్ అంటాది. మళ్ళా తిప్పితే మళ్ళా టక్. అంతే, ఊరుకుంటాది. మా ఆయన కూడా ఇంతే, ఏదడిగినా టక్కుమని నాలుక కొట్టి ఊరుకుండేవాడు."

హైడ్రోమీటర్ పెడితే ఐదు గదులు నీరసంగా, ఆరోది మరీ నీరసంగా ఉంది. లోడ్ టెస్టులో ఊపిరి అందలేదు. సంతకం పెట్టి కొత్తది ఇచ్చాను. సరిగ్గా రెండు వారాలకు ఆ కొత్తది కూడా మా కౌంటరు మీదికొచ్చింది. ఈసారి ఒక రాత్రి మా చార్జర్ మీద ఉంచితే, పొద్దునకు ఆరు గదులూ 1250 చూపించాయి. లోడ్ టెస్టులో నిటారుగా నిలబడింది. ఏ జబ్బూ లేదు. మా పాప డే కేర్‌లో గిన్నె ఊడ్చేసి, ఇంటికి రాగానే నోరు బిగించుకుంటుంది. అలాంటప్పుడు తప్పు పాప ఆకలిది కాదని నాకు తెలుసు. బ్యాటరీ విషయంలో మాత్రం అది తోచలేదు. చార్జి చేసిన బ్యాటరీ ఇచ్చి పంపేశాను.

మా యజమాని రిజిస్టరు తిరగేసి ఒక్కటే మాటన్నాడు. "ఒకసారి మార్చాం. ఇంకోసారి మారిస్తే కంపెనీవాళ్ళు నన్ను అడుగుతారు. నేను నిన్ను అడుగుతాను."

తర్వాతి ఆదివారం ఇంట్లో ఉండగా రత్నమ్మగారి ఫోను. అదే సమయానికి పాప నోట్లో ఏదో ఉంది. అది ఏమిటో తెలియదు. బటనో, నాణెమో, నట్టో. నా సంచిలో నట్లు కూడా ఉంటాయి. ఒక చేత్తో ఫోను, ఇంకో చేతి వేలు పాప నోట్లో.

"అమ్మణ్ణీ, మళ్ళా టక్."

"రత్నమ్మగారూ, ఇది బ్యాటరీ తప్పు కాదేమో. ఎర్త్ సరిగా లేదేమో చూడాలి."

"ఏంది సరిగా లేదు?"

"ఎర్త్."

"అట్లంటే?"

దీనికి సరైన జవాబు ఉంది. పాప పడుకుంది కనక ఇప్పుడు నిదానంగా రాయగలను. బ్యాటరీ మైనస్ వైపు నుంచి ఒక లావుపాటి తీగ బయల్దేరి బండి ఇనుప ఒంటికి బిగించి ఉంటుంది. ప్లస్ నుంచి వెళ్ళిన కరెంటు స్టార్టర్ మోటారును తిప్పి, ఆ ఇనుప ఒంటి మీదుగానే బ్యాటరీకి తిరిగొస్తుంది. ఒంటికీ తీగకూ ఉన్న ఆ బిగింపునే మేం ఎర్త్ అంటాం. ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది. నేను చెప్పింది ఇది:

"ఎర్త్ అంటే భూమే రత్నమ్మగారూ. భూమి సరిగా లేకపోతే ఎన్ని కొత్త బ్యాటరీలు పెట్టినా నిలవవు. తెలిసినవాళ్ళెవరినైనా పిలిచి ముందు అది చూపించండి."

ఆమె నీరసంగా, "మా మరిది కూడా అదే అంటాడమ్మా," అని పెట్టేసింది. మరిదికి కరెంటు పని తెలుసు కాబోలు, మంచిదే అనుకున్నాను. పాప నోట్లోంచి వచ్చింది నిన్నటి చపాతీ ముక్క.

గురువారం దుకాణానికి ఫోను చేసింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నువ్వు చెప్పినట్లే భూమి చూపించినాం అమ్మణ్ణీ. బండి షెడ్డు కూడా పీకేసినాం. అయినా టక్."

"షెడ్డు ఎందుకు పీకారు?"

"ఈశాన్యంలో ఉండాది కదా. బ్యాటరీ అంటే అగ్ని, అగ్నిని తీసుకుపోయి ఈశాన్యంలో పెట్టినారు, యాడ నిలుస్తాది అన్నాడు వాస్తు ఆయన. ఆగ్నేయానికి మార్చమన్నాడు."

నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను, అయినా కూర్చోవాలనిపించింది. జరిగింది ఆమె చెప్పగా ఇలా తేలింది. మరిది వెంకటప్ప వాస్తు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన దిక్సూచి పెట్టి కొలిచాడు. రేకుల షెడ్డు విప్పారు. పక్కింటివాళ్ళ ట్రాక్టర్‌కు గొలుసు కట్టి ఈ ట్రాక్టర్‌ను ఎగుడుదిగుడు నేల మీద ఆగ్నేయ మూలకు లాక్కెళ్ళారు. అక్కడ తాళం తిప్పితే ఒక్క తిప్పుకు లేచింది. మర్నాడు కూడా లేచింది. ఊరంతా వచ్చి చూసి, చదువుకున్న పిల్ల ఫోనులోనే భూమి దోషం కనిపెట్టిందని నన్ను మెచ్చుకున్నారట. మూడోరోజు టక్.

"ఇప్పుడు మా మరిది ఏమంటాడో తెలుసా? మూల కాదు వదినా, మొత్తం భూమే పనికిరాదు, కంపెనీ ఇంజినీరమ్మే చెప్పింది కదా, ఈ జాగాలో ట్రాక్టర్ నిలవదు, అమ్మేయ్ అంటాడు. హొసకోటె నుంచి ఎవురో ఆదివారం పొద్దున వచ్చి చూస్తారంట." గొంతు తగ్గించింది. "బండి ఉండాదని నలుగురు నా కాడికి వస్తా ఉండారు అమ్మణ్ణీ. బండి పోతే దుక్కికి నేను పోయి ఇంకొకరి గేటు కాడ నిలబడాల."

నా నోటి మాటతో ఒక మనిషి బతుకుతెరువు అమ్మకానికి వచ్చింది. వారంటీ సంగతి, యజమాని సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు. మర్నాడే వస్తున్నానని చెప్పాను.

శుక్రవారం మా ఫిట్టర్ నంజుండప్పతో వ్యానులో వెళ్ళాను. నంజుండప్పకు ముప్పై ఏళ్ళ అనుభవం. మాటకు మాత్రం వారంటీ ఇవ్వడు, అసలు మాట్లాడడు. పూర్తిగా చార్జి చేసిన బ్యాటరీ ఒకటి వెంట తీసుకెళ్ళాం. దారిలో డే కేర్‌కు రెండుసార్లు ఫోను చేశాను. మూడోసారి చేయబోతుంటే ఆయన, "పాప బాగుంటుంది మేడమ్, ముందు బండి చూడండి," అన్నాడు. మూడు నెలల్లో ఆయన నాతో అన్న పొడవైన వాక్యం అదే.

రత్నమ్మగారి ట్రాక్టర్ ఆగ్నేయ మూలలో, ఎండలో, నీలంగా మెరుస్తూ నిలబడి ఉంది. దానెదురుగా ప్లాస్టిక్ కుర్చీలో వెంకటప్ప. తెల్ల చొక్కా, చేతిలో పక్కింటివాళ్ళ జంపర్ కేబుళ్ళు.

"రాండి మేడమ్. మీరు చెప్పినంక మాకు ధైర్యం వచ్చింది. లేకపోతే వదిన భూమిని అనరాదు కదా."

"నేను ఆ భూమి అనలేదండీ."

"ఇంకే భూమి ఉండాది? ఒకటే కదా భూమి."

విజ్ఞానశాస్త్రం ప్రకారం కూడా ఆయనదే ఒప్పు.

పక్కింటి ట్రాక్టర్ నుంచి జంపర్ పెడితే లేస్తోందని వెంకటప్ప చెప్పాడు. పక్క బండి బ్యాటరీ నుంచి రెండు తీగలతో కరెంటు అప్పిచ్చి లేపడాన్ని జంప్ స్టార్ట్ అంటారు. "అది మంచి భూమిలో ఉండే బ్యాటరీ," అన్నాడాయన. మైనస్ క్లిప్పు ఎక్కడ పెట్టారని అడిగాను. ఇంజిను మీద ఇనుప కొక్కేనికని చూపించాడు. నంజుండప్ప నావంక చూశాడు, నేను ఆయనవంక చూశాను. క్లిప్పు నేరుగా ఇంజిను ఒంటికి పెడితే, ఈ బండి సొంత ఎర్త్ తీగతో పనే ఉండదు. అందుకే లేస్తోంది. అంటే తప్పు ఆ తీగ దారిలోనే ఎక్కడో ఉంది.

వోల్టేజ్ డ్రాప్ టెస్టు అని ఒకటుంది. మల్టీమీటర్ తీగల్లో ఒకదాని మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకోదాని మొన ఇంజిను ఒంటి మీద పెట్టి, తాళం తిప్పమంటాం. రెండూ ఒకే కుటుంబం కనక మధ్యలో తేడా ఉండకూడదు, మీటరు సున్నా పక్కనే ఉండాలి. రత్నమ్మగారు బండెక్కి తాళం తిప్పింది. టక్. మీటరు మూడున్నర వోల్టులు చూపించింది. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. పాల సీసా నిండుగానే ఉంది, పాప గట్టిగానే పీలుస్తోంది, పాలపీక రంధ్రం మూసుకుపోయి ఉంది. ఆల్టర్నేటర్, అంటే ఇంజిను తిరిగేటప్పుడు బ్యాటరీని తిరిగి నింపే యంత్రం, దాని కరెంటు కూడా ఇదే దారిన పోవాలి. అందుకే మేమిచ్చిన బ్యాటరీలు ఒకదాని తర్వాత ఒకటి ఆకలితో మాడాయి.

తీగ పట్టుకుని వెళ్తే చాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, ఒక బోల్టు దగ్గర ఆగింది. బోల్టు బిగుతుగానే ఉంది. చట్రమూ, బోల్టు తలా, అంతా నీలం, కొత్త పెళ్ళికూతురు గోళ్ళలా నిగనిగలాడుతోంది.

"రంగు బాగుందండీ," అన్నాను మెల్లగా.

"బాగుండదా మరి. ఆయుధ పూజకి కొట్టించినా. అందరూ బండికి నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టేసి చాలిస్తారు. నేను అట్ల కాదు, కొత్త రంగు కొట్టించి పూజ చేసినా. దొడ్డబళ్ళాపుర నుంచి వచ్చినాడు పెయింటరు. ఎంత నిదానస్తుడనుకున్నావు. వేరేవాళ్ళయితే పైపైన కొట్టి పోతారు. ఈయప్ప ఒక్క బోల్టు వదల్లేదు. అన్నీ విప్పి, లోపలా బయటా రెండేసి కోట్లు కొట్టి, ఆరినాక మళ్ళా బిగించినాడు. దేవుడసొంటి మనిషి."

నంజుండప్ప కళ్ళు మూసుకున్నాడు.

రంగు కరెంటును పోనివ్వదు. తీగ చివర ఉన్న ఇనుప రింగుకూ చట్రానికీ మధ్య ఆ దేవుడసొంటి మనిషి రెండు కోట్ల రంగు పరిచాడు. బోల్టు మరచుట్ల గుండా కాస్త కరెంటు పాకుతోంది, అంతే. ట్రాక్టర్‌ను గొలుసు కట్టి ఈడ్చినప్పుడు ఆ కుదుపుకు మరచుట్లు కొంచెం ఒరుసుకుని రెండ్రోజులు దారి ఇచ్చాయి. ఆగ్నేయ మూల మహిమ అదే.

"ఇన్నిసార్లు దుకాణానికి వచ్చారు కదా రత్నమ్మగారూ, రంగు సంగతి ఒక్కసారైనా చెప్పలేదే?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "నువ్వు ఏం పాడైందని అడిగితివి. రంగు పాడు కాలేదే."

పని మొదలుపెట్టాం. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. మైనస్ ఉండగా ప్లస్ మీద పెట్టిన స్పానరు బండి ఒంటికి తగిలితే నిప్పులు రాలతాయి. ఈ వరస నేను మనసులో కాక పైకే చదువుతాను. నంజుండప్పకు అలవాటైంది. పాత బ్యాటరీ దించి పక్కన పెట్టి, ఎర్త్ బోల్టు విప్పి, ఎమరీ పేపరుతో రంగు గీకడం మొదలుపెట్టాడు. రత్నమ్మగారు ఆయన భుజం మీంచి వంగి చూస్తోంది.

"కొంచెమే గీకప్పా."

"రూపాయి బిళ్ళంత చాలు."

"అది రూపాయి కంటే పెద్దదయింది."

"పాత రూపాయమ్మా."

చట్రం తెల్లగా మెరిసేదాకా గీకి, రింగునూ రుద్ది, పళ్ళున్న వాషరు వేసి బిగించాడు. మేం తెచ్చిన బ్యాటరీ ఎక్కించాం. తుప్పు పట్టకుండా టెర్మినళ్ళకు పెట్రోలియం జెల్లీ రాయాలి. డబ్బా వ్యానులో లేదు, దుకాణంలో మరిచిపోయాం. నా సంచిలో పాపది ఉంది, తీసిచ్చాను. రత్నమ్మగారు దాన్ని చూసింది, నన్ను చూసింది. "ఇది పిల్లోళ్ళ పిర్రలకి రాసేది కదా. ఇంకేం, నా బండికి ఒక డైపరు కూడా కట్టేయ్."

తాళం తిప్పితే సగం తిప్పుకే లేచింది. బ్యాటరీ మీద మీటరు 14.1 వోల్టులు చూపించింది. అంటే అన్నం లోపలికి పోతోంది. నేను ఆ అంకెను చూస్తూ నిలబడిపోయాను.

వెంకటప్ప కుర్చీలోంచి లేవలేదు. "ఆగ్నేయానికి తెచ్చినాం కదా. దాని గుణం ఇప్పుడు కనపడతా ఉండాది."

"మొన్న కూడా రెండు దినాలు లేచింది కదమ్మణ్ణీ," అంది రత్నమ్మగారు. నన్ను నమ్మలేదని కాదు, ఎవరినీ నమ్మే ఓపిక ఆమెకు మిగల్లేదు. మరిదివైపు తిరిగింది. "వెంకటప్పా, ఆదివారం వచ్చేవాళ్ళని రానీ. వాళ్ళ ముందర ఒక్క తిప్పుకి లేస్తే బండి నాది, ఇంక ఎవురూ అమ్ము అనకూడదు. టక్ అనిందా, తాళం నీ చేతికే ఇస్తా."

"మాట మీద ఉంటావా వదినా?"

"నేను ఎప్పుడు లేను?"

శనివారం పొద్దున నేను ఫోను చేశాను. లేచిందట. మధ్యాహ్నం మళ్ళీ చేశాను. "పండుకోనీ అమ్మా దాన్ని," అంది. సాయంత్రం బోల్టుకు స్ప్రింగు వాషరు కూడా వేశామా అని నంజుండప్పకు ఫోను చేశాను. వేశాం అన్నాడు. చూసి చెప్పమంటే, ఇంట్లోంచి ఎలా చూస్తాను మేడమ్ అన్నాడు.

ఆదివారం పొద్దున పాపకు ఇడ్లీ పెట్టే యుద్ధంలో ఉండగా ఆమే ఫోను చేసింది. "మాట్లాడొద్దు, విను," అని ఫోనును ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పెట్టినట్టుంది. స్పీకరు ఆన్ చేశాను. దూరంగా మగవాళ్ళ గొంతులు. చెప్పుల చప్పుడు. ఎవరో దగ్గారు. వెంకటప్ప గొంతు, "ఊఁ, తిప్పు వదినా."

నాకు తెలిసి స్టార్టర్ తిరగడానికి క్షణం చాలు. ఆ రోజు అంతకంటే ఎక్కువే పట్టింది. తర్వాత డగడగమంటూ మా వంటిల్లంతా ట్రాక్టర్ చప్పుడు నిండింది. పాప ఆశ్చర్యంతో నోరు తెరిచింది. ఆ సందులో సగం ఇడ్లీ పెట్టేశాను.

చప్పుడు మధ్యలోంచి కొత్త గొంతు వినిపించింది, హొసకోటె ఆయన కాబోలు. "ఇంత చెన్నాగా లేచే బండిని ఏల అమ్మతా ఉండారమ్మా?"

"నేను అమ్మతానని ఎవురు చెప్పినారప్పా?" రత్నమ్మగారి గొంతు. "జరుగు, పొలానికి పోవాల."

గేరు పడింది. ఆమె ఫోను సంగతి మరిచిపోయింది. పొలం దాకా వెళ్ళి, నాగలి దించి, మొదటి చాలు తిరిగేదాకా మేమిద్దరం అలాగే విన్నాం. ఇడ్లీలు అయిపోయాయి.

రెండు బ్యాటరీలకు నేను చేసిన పరీక్షలన్నీ సరైనవే, చదివిన అంకెలన్నీ నిజమే. అడిగిన ప్రశ్నే తప్పు. ఏం పాడైందని అడిగితే జనం పాడైంది చెబుతారు. ముచ్చటపడి, మనసుపెట్టి, దేవుడి పేరున చేయించిన మంచి పనిని రోగాల జాబితాలో ఎవరూ చేర్చరు. నేను మాత్రం చేరుస్తానా? పాపకు ఒళ్ళు పేలిందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, ప్రేమగా మార్చిన కొత్త సబ్బు గురించి ఆయన అడిగేదాకా నాకు గుర్తురాలేదు.

అందుకని మా కంప్లైంటు ఫారం అడుగున చేత్తో ఒక వరస కలిపాను: "ఈమధ్య బండికి చేసిన మంచి పని ఏదైనా ఉందా?" మా యజమాని చూసి ఇదేమిటన్నాడు గానీ కొట్టేయలేదు. చాలామంది నవ్వి, ఏమీ లేదంటారు. నేను పెన్ను కింద పెట్టి కాసేపు ఊరుకుంటాను. అప్పుడు మెల్లగా మొదలుపెడతారు, కొంచెం గర్వంగానే: "అంటే మేడమ్, మొన్న ఒకటి చేయించినా..."